కుక్కలకి బందెలదొడ్డి కడితే బిల్లు ఎవరు కడతారు?

పోయిన వారం రాత్రి పదిన్నరకి రామచంద్రపురం నుంచి కె.గంగవరం వస్తున్నాను, బండి మీద. ఊరు ఇంకో రెండు నిమిషాల్లో వస్తుందనగా చీకట్లోంచి నాలుగు కుక్కలు లేచాయి. ఒకటి సరిగ్గా నా ఎడమ కాలి పక్కనే పరిగెడుతోంది. అందరూ చేసే తప్పే నేనూ చేశాను, స్పీడ్ పెంచాను. ఎదురుగా గొయ్యి. పడలేదు గానీ, పడేవాడినే.

కరవలేదు కాబట్టి కథలా చెప్తున్నా. కరిస్తే మాత్రం కథలొద్దు. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడిగి, నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం ఏమీ పెట్టకూడదు. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి వేస్తారు. మూడో డోసుకే "ఇంక బానే ఉంది కదా" అని మానేసేవాళ్లు ఉన్నారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇక మందు లేదండీ. దేశం మొత్తం మీద 2024లో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదయ్యాయి. అవి ఆసుపత్రి దాకా వచ్చినవి మాత్రమే.

సరే, మర్నాడు పొద్దున్న టీ కొట్టు దగ్గర ఇదే చెప్పాను. ఒకాయన "మునిసిపాలిటీ వాళ్లు పట్టుకెళ్లాలి కదా" అన్నాడు. "మనది పంచాయతీరా, మునిసిపాలిటీ ఎక్కడుంది" అన్నాడు ఇంకొకాయన. "పోనీ పంచాయతీనే పట్టుకెళ్లమనండి." "పట్టుకెళ్లి ఎక్కడ పెడతారు?" అక్కడ అందరూ ఆగిపోయారు. బెంచీ చివర కూర్చున్న తాతగారు మాత్రం "బందెలదొడ్డిలో పెట్టండి, ఆయ్!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, సమస్య మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది.

బందెలదొడ్డి అంటే తెలీని వాళ్ల కోసం: మీ గేదె నా చేలో పడి పంట తినేసిందనుకోండి. నేను దాన్ని తోలుకెళ్లి బందెలదొడ్డిలో కట్టేస్తాను. మీరు వచ్చి జరిమానా కట్టి, అన్ని రోజులు అది తిన్న మేతకి డబ్బులిచ్చి విడిపించుకుంటారు. ఎవరూ రాకపోతే నోటీసు పెట్టి వేలం వేస్తారు. 1871లో బ్రిటిష్ వాళ్లు చేసిన పశువుల చట్టంతో వచ్చిన ఏర్పాటు ఇది. ఎంత చక్కటి డిజైనో చూడండి. లోపలికొచ్చిన ప్రతి పశువూ ఏదో ఒక దారిలో బయటికి పోతుంది, పోతూ తన ఖర్చు తను కట్టి పోతుంది.

ఇప్పుడు అదే దొడ్డిలో కుక్కని పెట్టండి. జరిమానా కట్టడానికి యజమాని లేడు. వేలం వేస్తే కొనేవాడు లేడు. మరి అమెరికాలో చిన్న చిన్న టౌన్లు ఎలా నడుపుతున్నాయి అంటారా? చాలా చోట్ల టౌన్ సొంతంగా షెల్టర్ కట్టదు. పక్కనున్న కౌంటీ షెల్టర్‌తోనో, ఏదైనా జంతు సంక్షేమ సంస్థతోనో కాంట్రాక్టు రాసుకుని డబ్బు కడుతుంది. పట్టిన కుక్కని కొన్ని రోజులు ఉంచుతారు. యజమాని వస్తే ఫీజు కట్టి తీసుకెళ్తాడు, లేదంటే ఎవరైనా పెంచుకుంటారు, అదీ కాకపోతే చంపేస్తారు. న్యూయార్క్‌లో ఒక జంతు సంక్షేమ సంస్థే 1894 నుంచి 1994 దాకా, వందేళ్లు, ఈ పని కాంట్రాక్టు మీద చేసింది. మొహమాటం లేకుండా చెప్పాలంటే, ఆ మోడల్‌లో బిల్లు అదుపులో ఉంచింది చివరి ఆప్షనే.

మన దగ్గర 2001 నుంచి ఆ దారి మూసేశారు. 2001 నిబంధనల స్థానంలో 2023 మార్చిలో కొత్త జంతు జనన నియంత్రణ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం వీధికుక్కని పట్టుకోవాలి, సంతానం కలగకుండా ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, గుర్తుగా చెవి కొంచెం కత్తిరించాలి, పట్టుకున్న చోటే వదిలేయాలి. నయం కాని జబ్బుతో, ప్రాణాంతక గాయంతో ఉన్నవాటికి తప్ప చంపడానికి వీల్లేదు. అంటే కుక్కల్ని దొడ్డిలో పెట్టేస్తే లోపలికి వెళ్లే గేటే ఉంటుంది, బయటికి వచ్చే గేటు ఉండదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం దీన్ని మెమరీ లీక్ అంటాం. సర్వర్ మొదటి రోజు బాగానే ఉంటుంది.

లెక్క వేద్దాం. ఇది నా ఊహా లెక్క, ఎవరి సర్వే కాదు. ఒక పెద్ద ఊళ్లో 300 కుక్కలున్నాయనుకోండి. తిండికి ఒక్కోదానికి రోజుకి ₹40 వేసుకుందాం. రోజుకి ₹12,000, ఏడాదికి ₹43,80,000. కాపలా మనుషులు, మందులు, షెడ్డు, కరెంటు ఇంకా కలపలేదు. వచ్చే ఏడాది మళ్లీ అంతే. అదే ఆపరేషన్ అయితే? భారత జంతు సంక్షేమ మండలి చెప్పిన రేటు, పట్టుకోవడంతో కలిపి, కుక్కకి ₹1,650. మూడొందలకీ కలిపి ₹4,95,000, అదీ ఒక్కసారే. 2025లో కేంద్రం ప్రకటించిన వివరాల ప్రకారం కొత్త పథకంలో కుక్కకి ₹800 సాయం కూడా ఉంది.

అయితే ఒకటి నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆపరేషన్ చేసిన కుక్క మర్నాడు శాకాహారి అయిపోదు. నా వెంటపడిన ఆ నాలుగూ ఆపరేషన్ అయినా వెంటపడతాయేమో. మారేది ఏంటంటే, టీకా వల్ల రేబిస్ భయం వెంటనే తగ్గుతుంది. పిల్లల్ని కాపాడుకోవడానికి మీద పడే తల్లి కుక్కలు తగ్గుతాయి. సంఖ్య తగ్గడానికి మాత్రం ఏళ్లు పడుతుంది, అదీ ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకి తక్కువ టైంలో చేసేస్తేనే. ఏడాదికి ఇరవై చొప్పున చేసుకుంటూ పోతే పిల్లలు ఆ ఖాళీ నింపేస్తాయి, డబ్బులు దండగ.

ఇంతలో సుప్రీంకోర్టు. 2025 ఆగస్టు 11న ఇద్దరు జడ్జీల బెంచ్ ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నింటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని మార్చి, రేబిస్ ఉన్నవీ మరీ దూకుడుగా ఉండేవీ తప్ప మిగతావి ఆపరేషన్, టీకా అయ్యాక వదిలేయమంది. నవంబరు 7న ఇంకో ఆర్డర్: స్కూళ్లు, ఆసుపత్రులు, ఆట మైదానాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో ఉన్న కుక్కల్ని తీసేసి షెల్టర్‌కి పంపాలి, మళ్లీ అక్కడ వదలకూడదు. ఇది దేశమంతటికీ.

ఈ మూడో ఆర్డర్‌తో విషయం ఢిల్లీ దాటి మన గుమ్మంలోకి వచ్చింది. మన మండలంలో కూడా స్కూళ్లు ఉన్నాయి, ఆసుపత్రి ఉంది, కోటిపల్లిలో రైల్వే స్టేషనూ ఉంది. అక్కడి కుక్కల్ని తీసుకెళ్లి ఏ షెల్టర్‌లో పెట్టాలి? పిల్లల భద్రత కోసం ఆ ఆర్డర్ వచ్చింది, దాంతో నాకు పేచీ లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు చనిపోయిన సీసీటీవీ వీడియో చూసినవాడెవడూ పేచీ పెట్టడు. కానీ షెల్టర్ అనే మాట కాగితం మీద రాసినంత తేలిక కాదు.

ఆపరేషన్ సెంటర్ కూడా పంచాయతీ ఒక్కటే పెట్టుకునేది కాదు. హర్యానాలో ఉన్న జంతు సంక్షేమ మండలి గుర్తింపు కావాలి. ఆపరేషన్ థియేటర్, కోలుకునేదాకా ఉంచడానికి గదులు, పట్టే బండి, వలలు, ఈ ఆపరేషన్లలో బాగా అనుభవం ఉన్న డాక్టర్ కావాలి. డబ్బు చూస్తే, 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేసింది. కుక్కల ఖర్చు మిగతా 40 శాతంలోనో, ఇంటి పన్నులోనో వెతుక్కోవాల్సి వచ్చేది. అక్కడ ఆల్రెడీ రోడ్డు, లైట్లు క్యూలో ఉంటాయి.

కాబట్టి కొందరు చవక దారి పట్టారు. 2021 జులైలో మనకి దగ్గర్లోనే, ఇప్పటి ఏలూరు జిల్లా లింగపాలెంలో, సుమారు 300 కుక్కల్ని ఇంజెక్షన్లిచ్చి చంపి గోతిలో పూడ్చారని పోలీసు ఫిర్యాదు నమోదైంది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ముసుగులేసుకుని వచ్చినవాళ్లు ఇరవై కుక్కల్ని కాల్చేశారు. 2026 జనవరిలో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు అయిన కొద్ది వారాలకే, కొన్ని ఊళ్లలో కుక్కల్ని చంపించారని సర్పంచుల మీదే కేసులు పెట్టారు. నాకు కుక్కలంటే పెద్ద ప్రేమ లేదండీ, చిన్నప్పుడు ఒకటి కరిచింది కూడా. అయినా ఇది తప్పే అంటాను, పైగా దీనివల్ల పని కూడా జరగదు. మద్రాసు కార్పొరేషన్ 1860ల నుంచి పట్టి చంపుతూనే వచ్చింది. 1990ల నడిమికి ఆ లెక్క రోజుకి 135 దాకా పెరిగింది. కుక్కలు తగ్గితే చంపాల్సిన లెక్క పెరగడమేంటి? చివరికి 1996లో చంపడం మాని ఆపరేషన్లకి మారారు.

మరి చిన్న ఊళ్లకి దారేంటి? నాకు అర్థమైనంతవరకు, కలిసి కట్టుకోవడం ఒక్కటే. కేరళలో రెండు బ్లాకులకి ఒక సెంటర్ అని ప్లాన్ వేశారు. అంతకుముందు అక్కడ కుటుంబశ్రీ మహిళలు కుక్కకి ₹2,100 చొప్పున ఈ పని చేసేవాళ్లు. జంతు సంక్షేమ మండలి గుర్తింపు లేదని 2021లో హైకోర్టు ఆపేసింది. కొత్త సెంటర్లకి "మా ఊళ్లో వద్దు" అని స్థానికులు అడ్డుపడ్డారు. అంటే కాగితాలు ముందు సరిచూసుకోవాలి, స్థలం ఊళ్లకి దూరంగా చూసుకోవాలి. మన దగ్గర రామచంద్రపురం మునిసిపాలిటీ, చుట్టూ ఉన్న మండలాలు కలిపి ఒకే సెంటర్ అనుకోండి. బండి వంతులవారీగా ఊరికో వారం తిరుగుతుంది. ప్రతి పంచాయతీ తన కుక్కలకి తాను కడుతుంది. స్కూళ్ల దగ్గర పట్టిన, తిరిగి వదలకూడని కొన్నింటికి మాత్రం అక్కడే ఒక చిన్న షెల్టర్. మూడొందలకి కాకుండా ముప్పైకి తిండి పెట్టడం కలిసి మోయగలిగిన బరువే.

ఇక్కడ ఒక జాగ్రత్త. తల లెక్కన డబ్బులిచ్చే ఏ కాంట్రాక్టులోనైనా తలలు ఎక్కువ రాసే తెలివి పుడుతుంది. అందుకే దీనికో చెక్ పెట్టారు, వింటే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది: ఆపరేషన్‌లో తీసిన అవయవాల్ని మందు నీళ్లలో దాచి, పర్యవేక్షణ కమిటీ ఎదుట లెక్కపెట్టాకే బిల్లు. మగ కుక్కకి రెండు వృషణాలు, ఆడ కుక్కకి గర్భసంచి, రెండు అండాశయాలు. ఇన్‌వాయిస్‌ని డబ్బాలతో సరిపోల్చడం అన్నమాట. నేను ఉద్యోగం చేసినప్పుడు ఇంత గట్టి ఆడిట్ ఎక్కడా చూడలేదు.

మీ ఊళ్లో ఈసారి గ్రామసభ జరిగితే "కుక్కల గురించి ఏం చేస్తున్నారు" అని అడక్కండి, "చూస్తాం" అని జవాబొస్తుంది. మూడు అడగండి. మన పంచాయతీ ఏ సెంటర్‌తో కలిసింది, దానికి మండలి గుర్తింపు నంబరుందా? ఈ ఏడాది కుక్కల కోసం బడ్జెట్‌లో ఎంత రాశారు? ఆ డబ్బాలు లెక్కపెట్టే కమిటీలో మన ఊరి నుంచి ఎవరున్నారు? మా ఊళ్లో నేను అడుగుతున్నాను. ఏం చెప్పారో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ఈలోగా రాత్రిపూట కుక్కలు వెంటపడితే స్పీడ్ పెంచకండి, తగ్గించండి. నా బండి సైలెన్సర్ మీద ఇంకా గీత ఉంది.