వేరే గ్లాసు ఎవరికి? – ఎయిడ్స్ గురించి పేటలో మాట్లాడిన మాటలు

(అనకాపల్లి దగ్గరి ఒక దళితపేటలో, డిసెంబరు 6 అంబేద్కర్ వర్ధంతి ముందురోజు రాత్రి జరిగిన సమావేశంలో ఒక మహిళా కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం. మాటల్ని చాలావరకు మాట్లాడిన తీరులోనే ఉంచాం.)



మగవాళ్ళంతా వెనక్కెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డారు. ముందుకు రండి. ఇది ఆడవాళ్ళ మీటింగని ఎవరో చెప్పినట్టున్నారు. కాదు. నిజం చెప్పాలంటే ముందు మీ మీటింగే. భూమి గురించి మాట్లాడుకున్నాం, శ్మశానం గురించి మాట్లాడుకున్నాం, కూలిరేట్ల గురించి రోడ్డెక్కాం. పడకగది సంగతి మాత్రం – మనకు గదులెక్కడివిలెండి, వంటా పడకా ఒకచోటే – అది ఉద్యమానికి సంబంధం లేనిదనుకున్నాం. సంబంధం ఉందని నాకు ఒక చావు నేర్పింది. అది చెప్పి, తర్వాత నిరోధ్ సంగతి చెబుతాను.

మా పెద్దమ్మ కొడుకొకడు ఇక్కడి బెల్లం మార్కెట్లో కళాసీగా చేరాడు. దిమ్మలు మోసి మోసి నడుం పడిపోయాక లారీ క్లీనరయ్యాడు. బెల్లం లోడెక్కించుకుని ఒరిస్సా, బెంగాల్ దాకా పోయేవాడు. అప్పుడు ఈ హైవే అయిదో నంబరు, ఇప్పుడు పదహారు. పోతే పది రోజులు, పదిహేను రోజులు. 2001లో మంచం పట్టాడు. ఆసుపత్రిలో వార్డుబాయి అన్నం పళ్ళేన్ని కాలితో తోసేవాడు. డాక్టరు గుమ్మంలోంచే చూసి వెళ్ళిపోయేవాడు. మాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి తెచ్చుకున్నాం. తెచ్చుకుని మనం చేసిందేటి? అరుగు మీద వాడికో వేరే పళ్ళెం, వేరే గ్లాసు. పోయినప్పుడు డప్పు మోగలేదు, మొయ్యడానికి నలుగురు దొరకలేదు. వాడి పెళ్ళాం మొగుణ్ణి మింగిందన్నారు. ఆ పిల్ల చెరుకు తోటల్లో కూలికి పోవడం తప్ప ఊరు దాటి ఎరగదు. పరీక్ష చేస్తే ఆమెకీ ఉందని తేలింది. నేను అప్పటికే జెండా పట్టుకు తిరుగుతున్నదాన్ని. ఆ ఇంటికి పరామర్శకు వెళ్ళి, ఆ పిల్ల ఇచ్చిన టీ ముట్టుకోకుండా వచ్చేశాను.

టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతి మీద ఎన్ని ఊళ్ళలో కొట్లాడాం! మన చేత్తో మన ఇంట్లోనే రెండో గ్లాసు పెట్టాం. ఊరు మనల్ని అంటరాదన్నప్పుడు దానికి శాస్త్రం లేదన్నాం. దీనికీ శాస్త్రం లేదు. ఒకే గ్లాసులో తాగితే రాదు, ఒకే కంచంలో తింటే రాదు. ముట్టుకుంటే, దగ్గితే, తుమ్మితే రాదు. దోమకాటుకి రాదు. ఒకే దొడ్డి వాడితే రాదు, ఒకే చెరువులో మునిగితే రాదు. శవాన్ని మోసినందుకు రాదు.

మరెలా వస్తుంది? నిరోధ్ లేని కలయికతో వస్తుంది. వైరస్ ఉన్న రక్తం ఎక్కిస్తే వస్తుంది. ఒకరికి గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చితే వస్తుంది. తల్లి నుంచి బిడ్డకు కడుపులోనో, కాన్పులోనో, పాలతోనో వస్తుంది. అంతే దారులు.

2003లో ఊరూరా గోడల మీద, బోర్డుల మీద ఒక ప్రశ్న కనబడేది, గుర్తుందా? పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని. పిల్లలు కూడా అరుచుకుంటూ తిరిగేవారు. దానివల్ల ఒక మేలు జరిగింది, నోట రాని మాట బజారులోకి వచ్చింది. కానీ మన పేటలో జనం ఏమనుకున్నారంటే, ఇది పులిరాజాలకొచ్చే రోగం, తిరుగుబోతు రోగం, మనకెందుకు అనుకున్నారు. పులిరాజా పెళ్ళానికి వస్తుందా అని ఎవరమూ అడగలేదు. ఈ దేశంలో ఈ వైరస్ సోకిన ఆడవాళ్ళలో చాలామందికి అది కట్టుకున్నవాడి నుంచే వచ్చింది.

2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో పెద్దవాళ్ళలో నూటికి దాదాపు ఒకరికి ఉంది. తర్వాత తగ్గింది. 2023 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందిలో సుమారు ఆరుగురు. దేశం మొత్తం మీద చూస్తే వెయ్యికి ఇద్దరు. అంటే మూడింతలు మన దగ్గర. పోయిందనుకున్న రోగం పోలేదు, బోర్డులు పోయాయి.

ఇక నిరోధ్. 1968 నుంచీ సర్కారు పంచుతోంది. పెట్టెలు చూశాం గానీ వాడడం ఎవరూ నేర్పలేదు. నవ్వుతున్నారు, నవ్వండి, కానీ వినండి. పొట్లం మీద తేదీ చూసుకోవాలి. పంటితో చించకూడదు, లోపలున్నది కూడా చిరుగుతుంది. జేబులో, లారీ డాష్‌బోర్డు మీద ఎండలో పడేస్తే పాడవుతుంది. అంగం గట్టిపడ్డాక, లోపలికి పెట్టకముందే తొడగాలి. కొన వేళ్ళతో నొక్కి గాలి తీసేసి మొదలు దాకా దించాలి. అయిపోయాక మెత్తబడకముందే అంచు పట్టుకుని బయటకు తియ్యాలి. ఒకసారికి ఒకటే. రెండు కలిపి తొడిగితే గట్టిదనం రాదు, రాపిడికి రెండూ చిరుగుతాయి. కొబ్బరినూనె రాయకండి. మన ఇళ్ళల్లో జరిగే పెద్ద పొరపాటు ఇదే, నూనె తగిలితే ఆ రబ్బరు నిమిషాల్లో బలం పోగొట్టుకుంటుంది. కావాలంటే నీటితో చేసిన జెల్లీ మందుల షాపులో ఉంటుంది. మలద్వారం ద్వారా జరిగే కలయికలో ప్రమాదం ఇంకా ఎక్కువ, ఆడమగ మధ్యనైనా, మగవాళ్ళ మధ్యనైనా. అలాంటివి మన పేటలో లేవని ఎవరూ గొణగొద్దు, ఉన్నాయి. వాళ్ళూ మనవాళ్ళే.

మర్మాంగాల దగ్గర పుండ్లు, చీము, మంట ఉంటే వైరస్ దూరడం తేలిక. ఆకుపసరు పోసుకుని దాచుకోకండి. సర్కారు ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, చూపించుకోండి, ఇద్దరూ మందు వాడండి.

మొన్న ఒక చెల్లెలు నన్ను పక్కకు పిలిచి అడిగింది: "అప్పా, నాకు పిల్లల ఆపరేషనైపోయింది. ఇప్పుడు నిరోధ్ అంటే మా ఆయన ఎవడు నేర్పాడే అని తంతాడు. ఎలగ అడగమంటావు?" దీనికి నా దగ్గర పుస్తకంలో రాసిన జవాబు లేదు. 2019–21 సర్వే చూస్తే మన రాష్ట్రంలో పెళ్ళయి కాపురం చేసుకుంటున్న ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మందికి ఆపరేషనయింది. ఇద్దరు పిల్లలు, ఆపరేషను, ఇరవయ్యిదేళ్ళకే అయిపోతుంది. ఆ తర్వాత ఇంట్లోకి నిరోధ్ రావలసిన పనే లేదనుకుంటారు. ఆపరేషను గర్భాన్ని ఆపుతుంది, రోగాన్ని ఆపదు. అన్నలారా, ఆ చెల్లెలు అడగలేని మాట మీరు అనాలి. ఊరు వదిలి పనికి పోయేవాడు, పోయినచోట ఏం జరిగినా, తిరిగొచ్చి పరీక్ష చేయించుకునేదాకా నిరోధ్ తనే వాడాలి. అడిగించుకోకూడదు. మొగుడు తన్నడం మన కులానికి హక్కు కాదు, దాన్ని పెత్తందారు దగ్గర నేర్చుకున్నాం.

ఒంటరిగా అడిగితే తన్నులే. అందరూ కలిసి అంటే? మా వాడి లారీ పోయిన కలకత్తాలోనే సోనాగాచి అని వేశ్యావాటిక ఉంది. అక్కడ 1992లో డాక్టర్ స్మరజిత్ జానా వాళ్ళు ఎయిడ్స్ నివారణ పని మొదలుపెట్టినప్పుడు నీతులు చెప్పలేదు. అక్కడి ఆడవాళ్ళనే పనిలోకి తీసుకుని, వాళ్ళచేత వాళ్ళకే చెప్పించారు. 1995లో వాళ్ళు దుర్బార్ అనే సంఘం పెట్టుకున్నారు. ఒక్కతే నిరోధ్ కావాలంటే బేరం పక్క గదికి పోతుంది. వీధంతా ఒక మాట మీద నిలబడితే వచ్చినవాడికి వేరే గది లేదు. మనం కూలిరేటుకి చేసింది ఇదే కదా! నాట్లప్పుడు ఒక్కరు కూడా మడిలో దిగొద్దని కట్టుబడలేదూ? ఈ పేటలో ఆడవాళ్ళందరూ కలిసి ఆ మాట అంటే ఏ మగాడు ఎంతమందిని తంతాడు?

రక్తం సంగతి. ఆకలికి రక్తం అమ్ముకున్నవాళ్ళు మనలో ఉన్నారు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం నిషేధమయింది. లైసెన్సున్న బ్లడ్ బ్యాంకులో పరీక్షించిన రక్తమే ఎక్కించమనండి. ఆర్‌ఎంపీ సూది వేస్తానంటే కొత్త సిరంజి మీ ముందే విప్పమనండి. ఆసుపత్రి చెత్త ఎత్తేది మనవాళ్ళే, సూదులు గుచ్చుకునేదీ మన చేతులకే. దళసరి చేతిజోళ్ళు ఇవ్వకపోతే పని ముట్టకండి. గుచ్చుకుంటే పిండకండి, సబ్బునీళ్ళతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. వైరస్ అంటకుండా ఆపే మందుంది, 72 గంటల్లోపు మొదలెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది, 28 రోజులు వాడాలి. అత్యాచారం జరిగిన ఆడమనిషికీ ఆ మందు ఇవ్వాలి. కేసు పెట్టడంలో, పెద్దమనుషుల పంచాయితీలో ఆ మూడు రోజులు పోగొట్టకండి. కార్యకర్తలు ఇది రాసుకోండి.

గర్భిణీలు పరీక్ష చేయించుకోవాలి. ఏ మందూ వాడకపోతే నూరుమంది తల్లుల్లో 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకవచ్చు. తల్లి మాత్రలు వాడి, బిడ్డకు పుట్టగానే మందు పోస్తే అది అయిదు లోపుకి దిగుతుంది.

పరీక్ష సర్కారు ఆసుపత్రిలో ఐసీటీసీ అన్న గదిలో ఉచితం. పేరు బయటపెట్టరు. ఒక్క సంగతి, నిన్న జరిగితే ఈరోజు పరీక్షలో తెలియదు. మూడు నెలలు నిండాక మళ్ళీ చేయించుకోవాలి, అప్పటిదాకా నిరోధ్ వాడాలి. ఉందని తేలితే అదే రోజు బావిలో దూకే కాలం కాదిది. ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ నుంచి సర్కారు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి రోగం ముదిరేదాకా ఆగకుండా, ఉందని తేలినవాళ్ళందరికీ ఇస్తున్నారు. విశాఖ కేజీహెచ్‌లో ఆ కేంద్రం ఉంది. రోజూ మానకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గిపోతుంది. అలా తగ్గి ఉన్నంతకాలం కలయికతో ఎదుటివాళ్ళకు అంటదు. ఇది ఓదార్పు మాట కాదు, వేలాది జంటల్ని ఏళ్ళ తరబడి గమనించి తేల్చిన మాట. పూర్తిగా నయం చెయ్యదు, మానేస్తే తిరగబెడుతుంది. నయం చేస్తామని వేలకు వేలు గుంజే పసరు వైద్యుల్ని పేటలోకి రానివ్వకండి.

చట్టం కూడా ఉంది, 2017లో చేశారు, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగంలోంచి, బడిలోంచి, ఆసుపత్రిలోంచి గెంటకూడదు. ఒప్పుకోకుండా పరీక్ష చెయ్యకూడదు, బయట చెప్పకూడదు. మొగుడు పోయిన కోడల్ని అత్తింటి నుంచి వెళ్ళగొట్టడానికి లేదు, ఉన్న ఇంట్లో ఉండే హక్కుంది. ఏఆర్‌టీ వాడేవాళ్ళకు పింఛనుంది, 2024లో నాలుగు వేలు చేశారు. డప్పు కళాకారుల పింఛను, చెప్పులు కుట్టేవాళ్ళ పింఛను ఉన్న జాబితాలోనే అదీ ఉంది. ఊరు ఎవరెవర్ని దూరం పెట్టిందో సర్కారు కాగితం చూసినా తెలుస్తుంది.

మా వదిన – ఆ క్లీనరు పెళ్ళాం – 2006లో మాత్రలు మొదలుపెట్టింది. ఈరోజుకీ చెరుకు నరుకుతోంది. కొడుకు అచ్యుతాపురంలో కంపెనీ పనికి పోతున్నాడు, వాడికి సోకలేదు. ఆమె పేరు చెప్పను, ఏ ఊరో చెప్పను. ఆమె ఇంటికి టీకి వెళ్ళడానికి నాకు అయిదేళ్ళు పట్టింది. ఇచ్చింది, తాగాను, ఆమె ఏమీ అనలేదు.

ఇక పని. అంబేద్కర్ బొమ్మ వెనక అరుగు మీద రేపట్నుంచి ఒక పెట్టె ఉంటుంది. అందులో నిరోధ్ ఉంటుంది. రాత్రి తీసుకోండి, పగలు తీసుకోండి, ఎవరు ఎన్ని తీసుకున్నారో రాసే పుస్తకం లేదు. అయిపోతే ఆశా వర్కరుకి చెప్పండి. అడగడానికి సిగ్గయితే 1097కి ఫోను చెయ్యండి, ఉచితం, పేరడగరు. వచ్చే గురువారం ఆసుపత్రికి పరీక్షకు నేను వెళ్తున్నాను. మగవాళ్ళలో నాతో వచ్చేదెవరో చేతులెత్తండి. వెనక ఒకటి లేచింది. ఇంకా?