మొదటి జీతం: చేతికొచ్చేదెంత?



ఇవాళ జీతం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మన జీతం కాదులెండి, ఇంటిచాకిరికి జీతమిచ్చేవాళ్ళింకా పుట్టలేదు! మన ఇంట్లో అబ్బాయో, అమ్మాయో కంప్యూటరు కోర్సు చదివి, సర్టిఫికెట్టు పుచ్చుకొని, మొట్టమొదట చేరే ఉద్యోగం జీతం సంగతి.

డిగ్రీ అయిపోతుంది. ఇంజనీరింగు చదివించే స్తోమత ఉండదు. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల చూస్తే గోడల నిండా బోర్డులే. హార్డ్‌వేరు, నెట్‌వర్కింగు నేర్చుకోండి, ఉద్యోగం ఖాయం అంటాయి. ఫీజు కోసం తల్లి తన గాజులు బ్యాంకులో కుదువ పెట్టడానికి కూడా సిద్ధపడుతుంది. పెట్టవద్దని నేననను. పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ చదువు చదివితే మొదటి ఏడాది నెలకు ఎంత చేతికొస్తుంది?

ముందు ఆ పనేమిటో తెలియాలి గదా. ఇది ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాదు. దీన్ని డెస్క్‌టాప్ సపోర్ట్ అనీ, హెల్ప్ డెస్క్ అనీ అంటారు. ఆఫీసులో ఎవరి కంప్యూటరు తెరుచుకోకపోయినా, ప్రింటరు మొరాయించినా, పాస్‌వర్డు మరిచిపోయినా కబురు వచ్చేది వీళ్ళకే. ఓర్పూ, మాటతీరూ కావలసిన పని. చాలాచోట్ల ఇంకొక మెలిక కూడా ఉంది. పనిచేసేది పెద్ద కంపెనీ భవనంలో, జీతమిచ్చేది మటుకు మనుషుల్ని సరఫరా చేసే వేరొక కంపెనీ. అంచేత మెడలో కార్డు మీద ఉన్న పేరు చూసి జీతం అంచనా వేయకండి.

ఇక సర్టిఫికెట్ల మాట. కాంప్‌టియా సంస్థవారి ఎ ప్లస్ అనే సర్టిఫికెట్టు 1993 నుంచీ ఉంది. దానికి రెండు పరీక్షలు పాసవాలి. నెట్‌వర్కింగు వైపు వెళ్ళేవాళ్ళకు సిస్కోవారి సి.సి.ఎన్.ఎ. ఉంది. ఈ రెండూ మూడేళ్ళే చెల్లుతాయి, ఆపైన పునరుద్ధరించుకోవాలి. 2018లో గూగుల్‌వారు కూడా ఇంట్లో కూర్చుని నేర్చుకునే ఐ.టి. సపోర్టు కోర్సు మొదలుపెట్టారు. ఐ.టి.ఐ.లలో సైతం కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్క్ మరమ్మతుల ట్రేడు ఉంది. ఇక్కడొక తేడా గమనించాలి. కోర్సు పూర్తయిందని కోచింగు సెంటరు ఇచ్చే కాగితం వేరు, కంపెనీ పరీక్ష పాసైతే వచ్చే సర్టిఫికెట్టు వేరు. మనం కట్టే ఫీజులో పరీక్ష రుసుము కలిసి ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి.

ఇప్పుడు జీతానికొద్దాం. మన హైదరాబాదులో అనుభవం లేని కుర్రాళ్ళకు ఈ పనికి చాలామటుకు ప్రకటనల్లో కనిపించేది ఏడాదికి 2 లక్షల నుంచి 3 లక్షల దాకా. పక్కింటివాళ్ళ అమెరికా బంధువు చెప్పే డాలర్ల లెక్కలు దీనికి పనికిరావు. అక్కడి ప్రభుత్వ లెక్కల్లో 2024 మే నెలకు ఈ వృత్తివారి సంపాదన ఏడాదికి సుమారు 60 వేల డాలర్లని ఉన్న మాట నిజమే. కాని అది నడిమి అంకె. అంటే సగంమందికి అంతకంటె తక్కువ, సగంమందికి ఎక్కువ. పదేళ్ళనుంచి పనిచేస్తున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. నిన్న చేరినవాడి జీతం కాదది.

ఏడాదికి 2 లక్షల 40 వేలు అన్నారనుకుందాం. పన్నెండు పెట్టి భాగించి, నెలకు 20 వేలని సంబరపడతాం. ఆ అంకెను సి.టి.సి. అంటారు. సికిందరాబాదులో కంప్యూటరు సామాన్లమ్మే సి.టి.సి. కాదండోయ్! మన పిల్లవాడి మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చన్నమాట. పచారీ పద్దులాగా దాన్ని విడగొట్టి చూద్దాం. మూలవేతనం 10 వేలనుకోండి. దానిమీద కంపెనీ కట్టే పి.ఎఫ్. నూటికి 12 చొప్పున 1,200. గ్రాట్యుటీ కింద సుమారు 480. ఇ.ఎస్.ఐ.కి కంపెనీ కట్టేది నూటికి మూడుంపావు చొప్పున ఇంచుమించు 577. ఇవన్నీ ఆ 20 వేలలోంచే పోతాయి. మిగిలింది సుమారు 17,740. ఇందులోంచి మళ్ళీ పిల్లవాడి వాటా పి.ఎఫ్. 1,200, ఇ.ఎస్.ఐ. నూటికి ముప్పావు రూపాయి చొప్పున 133, వృత్తిపన్ను 150 పోతాయి. చివరికి బ్యాంకులో పడేది 16,250 చిల్లర. 20 వేలని తలచుకొని చీటీ కడితే, నెలాఖరుకు ఇబ్బంది పడేది ఇంటి ఇల్లాలే!

అయితే కోత పడిందల్లా నష్టమనుకోవద్దు. పి.ఎఫ్. మనవాళ్ళు దాచుకునే డబ్బు. నెలకు 21 వేలు మించని జీతానికి ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. దానివల్ల ఉద్యోగికే కాదు, అతనిమీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం దొరుకుతుంది. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాళ్ళకు దాని విలువ తెలుసు. కోసిన డబ్బు నిజంగా జమ అవుతున్నదో లేదో మటుకు పి.ఎఫ్. పాసుబుక్కులో నెలనెలా చూసుకోమనండి. పిల్లలు బద్ధకిస్తే, పక్కన కూర్చుని మీరే చూపించమనండి.

ఇంకా పెద్ద ప్రమాదం ఒకటుంది. "లక్ష ఇవ్వండి, పెద్ద కంపెనీలో దొడ్డిదారిన వేయిస్తాం, మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు కాగితాలు కూడా మేమే పుట్టిస్తాం" అనేవాళ్ళు తయారవుతారు. అనుభవముంటే జీతం రెట్టింపు గదా అని మనసు లాగుతుంది. కాని కంపెనీలు పాత ఉద్యోగాల వివరాలు ఆరా తీస్తాయి, పి.ఎఫ్. చరిత్ర కూడా చూస్తాయి. దొంగ కాగితమని తేలిన రోజున ఉద్యోగమూ పోతుంది, మంచిపేరూ పోతుంది. పిల్లవాడు తండ్రి మాట వినకపోయినా, నేను డబ్బివ్వనని తల్లి గట్టిగా అంటే ఆగుతాడు. ఇక్కడ మన మాటకు బలముంది. ఉద్యోగమివ్వడానికి ముందుగా డబ్బడిగే చోటికి వెళ్ళనివ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించడం వేరు, అప్పగించి రావడం వేరు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం నియామక పత్రం ఇచ్చి తీరాలి. అది చేతికొచ్చాక, ఇంట్లో అందరూ కూర్చుని చదవండి.

మరి ఇంత తక్కువ జీతానికి చేరడమెందుకంటారా? ఈ పనిలో మొదటి ఏడాది జీతంకంటె మొదటి ఏడాది నేర్చిన పని విలువైనది. సర్టిఫికెట్టు తలుపు తట్టడానికి పనికొస్తుంది, జీతం పెంచేది పనితనం. ఫోనుకు జవాబు చెప్పే మెట్టునుంచి సర్వర్లు, నెట్‌వర్కులు చూసుకునే మెట్టుకెక్కితేనే జీతంలో తేడా కనిపిస్తుంది. అంచేత కోర్సులన్నీ ఒకేసారి అప్పుచేసి చదివించకండి. ఒకటి చదివి చేరమనండి, రెండోది తన జీతంలోంచి కట్టుకోమనండి. హాస్టలు, బస్సు, తిండి పోను పదహారు వేలలో ఎంత మిగులుతుందో చేరకముందే కాగితం మీద వేసి చూడండి. ఏమీ మిగలకపోతే, ఇంటినుంచి వెళ్ళివచ్చే దూరంలో వెయ్యి తక్కువిచ్చే ఉద్యోగమే మేలు కావచ్చు. ఆడపిల్లకు రాత్రి డ్యూటీ ఉంటే, కంపెనీ బండి ఇంటిదాకా వస్తుందా అన్నది కూడా జీతంలో భాగమే.

చివరిగా ఒక మాట. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఉద్యోగం రాకుండానే ఆ జీతం చూసుకొని స్కూటరు వాయిదాలూ, పెళ్ళి సంబంధాలూ మాట్లాడేయకండి. ఎదురింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయితో పోల్చి పిల్లల్ని చిన్నబుచ్చకండి. పదహారు వేలు తెచ్చి తల్లి చేతిలో పెట్టే బిడ్డకు "ఇంతేనా?" అన్న మాట వినిపిస్తే, దొడ్డిదారి చెప్పేవాడే ఆప్తుడిలా కనిపిస్తాడు. "బాగుంది నాయనా, ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని అడగండి. ఆ మాట పిల్లల్ని ఉద్యోగంలో నిలబెడుతుంది.

సెలవు.