ఏ కాగితానికి రిజిస్ట్రేషన్ అవుతుంది?



ఈ రోజు మనం రిజిస్ట్రేషన్ గురించి మాట్లాడుకుందాం. ఏ కాగితం రిజిస్ట్రేషన్‌కు పనికొస్తుంది? ఏది పనికిరాదు?

మన ఊళ్లలో తెల్లకాగితం మీద పొలం రాసి ఇస్తారు. పెద్దమనుషులు సంతకాలు పెడతారు. "ఊరందరికీ తెలుసు కదా" అంటారు. రేపు తగాదా వస్తే? ఆ తెల్లకాగితం ఒక్కటే చూపిస్తే భూమి మీద హక్కు రాదు.

రిజిస్ట్రేషన్ చట్టం 1908లో వచ్చింది. 100 రూపాయలు, అంతకు మించి విలువ చేసే భూమి గానీ ఇల్లు గానీ అమ్మితే ఆ కాగితం రిజిస్టరు చేయించాలి. ఇప్పుడు 100 రూపాయలకు జానెడు నేల కూడా రాదు. అంటే సెంటు స్థలానికైనా రిజిస్ట్రేషన్ తప్పదన్నమాట. భూమికి దానపత్రం రాస్తే విలువ ఎంతైనా సరే, రిజిస్టరు కావాలి. పసుపుకుంకుమ కింద ఇచ్చిన పొలానికి కూడా కాగితం రాయించి రిజిస్టరు చేయించుకోవడమే భద్రం. వీలునామాకు మాత్రం తప్పనిసరి కాదు. చేయిస్తే మంచిదే.

మరి ఆ కాగితం ఎలా ఉండాలి?

ఒకటి. భూమి ఏదో తెలియాలి. సర్వే నంబరు, నాలుగు వైపులా హద్దులు రాయాలి.

రెండు. ఖాళీలు, కొట్టివేతలు ఉండకూడదు. ఉంటే రాసిచ్చినవాళ్లు అక్కడ సంతకం చేయాలి. లేకపోతే అధికారి కాదనవచ్చు.

మూడు. రాసిన నాటి నుంచి 4 నెలల్లోపు ఆఫీసులో ఇవ్వాలి.

నాలుగు. రాసిచ్చేవాళ్లకు 18 ఏళ్లు నిండాలి.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. "ఇది మీరు రాసిచ్చిందేనా?" అని అధికారి అడుగుతారు. మీరు "కాదు" అంటే మీ మటుకు రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. పక్కన భర్త ఉన్నా, అన్న ఉన్నా జవాబు మీరే చెప్పాలి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, "ఒక్క వేలిముద్ర వేసిపో చెల్లీ" అని పిలిచే అన్నదమ్ములు ఉంటారు. అది హక్కు విడుదల పత్రం కావచ్చు. హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉందని 2005లో దేశమంతటికీ చట్టం వచ్చింది. ఆ వాటా ఒక్క వేలిముద్రతో పోవచ్చు. ఇష్టపడి వదులుకుంటే అది మీ ఇష్టం. తెలియక పోగొట్టుకోవద్దు.

వేలిముద్ర అంటే సిగ్గుపడకండి. 2001లో చట్టం మారింది. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఫొటో అంటించాలి, వేలిముద్ర వేయాలి. కలెక్టరుగారు భూమి కొన్నా వేయాల్సిందే! వేలిముద్ర వేయడం తప్పు కాదు. చదవకుండా వేయడమే ప్రమాదం.

అధికారి రిజిస్టరు చేయనంటే కారణం రాయాలి. అడిగితే దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. తెలంగాణలో 2020 నుంచి వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహశీల్దారు ఆఫీసులో జరుగుతోంది. ఇళ్లకు, ఇళ్ల స్థలాలకు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాలి.

మీకిప్పుడు చదవడం వచ్చు. కాగితం చేతికి తీసుకోండి. తొందరపెడితే "కాస్త ఆగండి" అనండి. మీ పేరు చూడండి. సర్వే నంబరు చూడండి. పైన "అమ్మకం" అని ఉందా, "దానం" అని ఉందా, "విడుదల" అని ఉందా? కూడబలుక్కుని అయినా సరే, చదవండి. ఆ తర్వాతే సంతకం.