చలికాలంలో ఐరిస్ దుంపలు



ఐరిస్ చలి ప్రాంతాల పూలమొక్క. మన దేశంలో కాశ్మీరు లోయలో దీనిని సమాధుల మీద కూడా నాటుతారు. అక్కడ జనవరి రాత్రులలో నీరు గడ్డకడుతుంది. మరి మొక్క ఎట్లా బతుకుతుంది? ఒక్కొక్క రకానిది ఒక్కొక్క తీరు.

రేకుమీద నూగు ఉండే రకానికి దుంప పసుపుకొమ్మువలె అడ్డంగా పెరుగుతుంది. చలికి పెద్ద ఆకులు ఎండి, నడుమ విసనకర్రలాగ చిన్న ఆకులు మిగులుతవి. సైబీరియా రకానికి ఆకంతా చచ్చిపోతుంది. వేళ్ళు మాత్రం నేలలో బతికి వసంతంలో చిగురు వేస్తవి. రెటిక్యులేటా రకానిది ఉల్లివంటి గడ్డ. వేసవిలో నిద్రపోయి, మంచు కరిగీ కరగకముందే పూస్తుంది.

కుంకుమపువ్వు కూడా ఈ కుటుంబంలోనిదే. పాంపూరు పొలాల్లో అక్టోబరు, నవంబరులలో పూస్తుంది. చలికాలమంతా ఆకు పచ్చగా నిలిచి, పిల్లగడ్డలను ఊరబెడుతుంది. ఆ ఆకును పశువులు మేస్తే గడ్డ సన్నబడి మరుసటి ఏటి పూత తగ్గుతుంది.

నూగు రకానికి చలికంటె తడి ప్రమాదం. నీరు నిలిచినా, గడ్డి దట్టంగా కప్పినా దుంప మెత్తబడి కంపుకొడుతుంది. నేల గడ్డకట్టి కరిగేటప్పుడు కొత్త దుంపను పైకి నెడుతుంది కూడా. అందుచేత మంచు పడటానికి ఆరు వారాల ముందే నాటి వేరు పట్టనివ్వవలెను.

మనం ఐరిస్ వేయకపోయినా, పసుపు విత్తనం నిలవచేసే రైతుకు ఇందులో పాఠం ఉన్నది. కొమ్ములను నీడలో, తడి తగలకుండా ఉంచండి. కుళ్ళినవాటిని వెంటనే ఏరివేయండి.