కొత్త మేకపిల్లలను మందలో కలిపేటప్పుడు

(తర్లుపాడు సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు మాట్లాడినది)



స్త్రీనిధి అప్పుతో సంతలో నాలుగు మేకపిల్లలు కొన్నాను. ఆ సాయంత్రమే తెచ్చి దొడ్డిలోకి తోలేశాను. వారం తిరక్కముందే ముక్కులు కారడం, నోట్లో పుండ్లు, పారుడు. తొమ్మిది జీవాలు పోయినయ్. మేకలు పోయినా కిస్తీ పోదు గదమ్మా! డాక్టరు గారు చూసి పారుడు రోగమన్నారు. పీపీఆర్ అన్నా అదే. సంతలో పిల్ల బాగున్నట్టే కనిపిస్తది, రోగం లోపలుంటది.

రెండోసారి తెచ్చినప్పుడు 21 రోజులు వేపచెట్టు కింద విడిగా కట్టేశాను. మేత వేరు, నీళ్ల బక్కెట్టు వేరు. పాత మంద పని అయినాకే కొత్తవాటి దగ్గరికి పోయేదాన్ని. డాక్టరు గారు బరువు చూసి నట్టల మందు తాపించారు. మూడు నెలలు దాటిన పిల్లలకు పీపీఆర్ టీకా వేయించాను. ఒకసారి వేస్తే మూడేళ్లు కాపాడుతుంది. పాత మందకూ వేయించండి, అదే నేను చేయని పని.

ఇక కలపడం. దొడ్డిలో కలపొద్దు, బీట్లో కలపండి. ఇరుకులో కొమ్ముల మేక పిల్లను గోడకేసి పొడుస్తది, తప్పుకోను చోటుండదు. ఒంటిగా వదలకుండా జతగా వదలండి. రొట్ట నాలుగు చోట్ల వేలాడదీయండి. కాసేపు కుమ్ముకుంటయ్, ఎవరు పెద్దో తేల్చుకుంటయ్. కొత్త కోడలొచ్చిన ఇల్లే అనుకోండి! మా నల్లమేక మాత్రం వినలేదు, రెండు రాత్రులు దాన్నే విడిగా కట్టాల్సొచ్చింది.

సంతకు పోయేముందే తడిక కట్టుకోండి. మా ఇంట్లో రెండు తడికలు ఖాళీగా ఉన్నయ్, కావాల్సినోళ్లు వచ్చి తీసుకపోండి.