జోహ్రా సెహగల్: హుషారు వెనక ఉన్న శ్రమ
(ప్రసంగ పాఠం)



జోహ్రా సెహగల్ పేరెత్తగానే అందరూ ఆమె నవ్వు గురించీ, నూరేళ్ళకీ తగ్గని హుషారు గురించీ మాట్లాడతారు. నేను ఆమె చేసిన పని గురించి మాట్లాడదలచుకున్నాను. స్త్రీ శ్రమని ఆమె స్వభావంగా మార్చి మెచ్చుకోవడం మన సమాజానికి బాగా అలవాటు. స్వభావానికి జీతం ఇవ్వక్కర్లేదు కదా!

1912లో సహారన్‌పూర్‌లో, పరదా పాటించే పఠాన్ కుటుంబంలో పుట్టిందామె. లాహోర్‌లో చదువుకుని, జర్మనీలో మేరీ విగ్మన్ స్కూల్లో నృత్యం నేర్చుకుంది. 1935లో ఉదయ్ శంకర్ బృందంలో చేరింది. 1942లో తనకన్నా చిన్నవాడూ, హిందువూ అయిన కామేశ్వర్ సెహగల్‌ని పెళ్ళాడింది. ఈ సాహసాలన్నీ పత్రికలు రాస్తూనే ఉన్నాయి.

1945లో నెలకు 400 రూపాయల జీతం మీద పృథ్వీ థియేటర్‌లో చేరింది. పిల్లల్ని పెంచుకుంటూనే పద్నాలుగేళ్ళు ఊరూరా తిరిగి నాటకాలాడింది. ‘బాజీ’ (1951) వంటి సినిమాలకు నృత్యాలు సమకూర్చింది. 1959లో భర్త పోయాడు. 1962లో స్కాలర్‌షిప్పు మీద లండన్ వెళ్ళేనాటికి ఆమెకు యాభై ఏళ్ళు. పెద్ద పేరు తెచ్చిన టెలివిజన్ ధారావాహిక ‘ద జ్యుయెల్ ఇన్ ద క్రౌన్’ 1984లో వచ్చింది. మధ్యలో ఇరవై రెండేళ్ళు! ఒంటరి తల్లి, వలస వచ్చిన స్త్రీ, వయసు మళ్ళుతున్న నటి. ఆ ఏళ్ళని మనవాళ్ళు ఒక్క వాక్యంలో దాటేస్తారు.

1993లో లాహోర్‌కు చెందిన అజోకా థియేటర్ వారి ‘ఏక్ థీ నానీ’లో, పాకిస్థాన్‌లో స్థిరపడిన చెల్లెలు ఉజ్రాతో కలిసి నటించింది. అక్కకి ఎనభై దాటాయి, చెల్లెలికి డెబ్బై దాటాయి. సరిహద్దు విడదీసిన ఇద్దరు స్త్రీలను కలిపింది వాళ్ళ వృత్తే.

2010లో పద్మవిభూషణ్ ఇచ్చారు. కింది అంతస్తులో ప్రభుత్వ ఇల్లు కావాలని అడిగితే మాత్రం దక్కలేదని, 2014లో ఆమె చనిపోయాక కూతురు చెప్పింది. బిరుదు గౌరవం, ఇల్లు హక్కు. రెండూ ఒకటి కావు.

కాబట్టి మీరు మీ ఊళ్ళలో కళాకారిణుల జీవిత కథలు సేకరించేటప్పుడు అవార్డులతో ఆగిపోకండి. జీతమెంత, పిల్లల్ని ఎవరు చూశారు, పని దొరకని ఏళ్ళు ఎలా గడిచాయి అని అడగండి. కుటుంబమే కంపెనీ అయిన మన సురభి నాటక సమాజాల్లో స్త్రీల చేతికి ఎంత డబ్బు వచ్చేదో కూడా అడిగి రాసుకోండి. ఆ లెక్కలు లేకపోతే పింఛను కోసం, ఇంటి కోసం మనం చేసే డిమాండ్లకు ఆధారం ఉండదు.