చారలు చెప్పు సాక్ష్యము

మనకు వ్రేలిముద్ర యెట్టిదో పులికి చారలట్టివి. ఏ రెండు పులుల చారలును ఒకే తీరున నుండవు. ఒక్క పులికే కుడిప్రక్క చారలు వేరు, ఎడమప్రక్క చారలు వేరు. అందుచేత అడవిదారికి ఇరువైపుల ఎదురెదురుగా కెమెరాలు కట్టుదురు. పులి నడచిపోవునప్పుడు రెండు ప్రక్కల బొమ్మలును వాటంతటవే పడును.

పూర్వము మన దేశమున అడుగుజాడలనుబట్టి పులులను లెక్కించెడివారు. రాజస్థానమునందలి సరిస్కాలో పులులున్నట్లే లెక్కలు చెప్పుచుండగా, దొంగవేటగాండ్రు వానిని పొట్టన పెట్టుకొనిరి. 2005 నాటికి అచట ఒక్కటియు మిగులలేదని తేలినది.

కర్ణాటకలోని నాగరహొళె అడవిలో 1990వ దశకమున ఉల్లాస్ కారంత్ గారు చారలనుబట్టి లెక్కించు పద్ధతికి బాట వేసిరి. వేలకొలది బొమ్మలను కంటితో పోల్చుట కష్టము గనుక ఆ పనికి నేడు కంప్యూటరు తోడ్పడుచున్నది. నడకలో వంగిన దేహమును అది ఒక నమూనాపై సరిదిద్ది, చారల అల్లికను పాత బొమ్మలతో పోల్చి, దగ్గరగా నున్నవానిని ముందుంచును. తుది తీర్పు మనుష్యునిదే.

మునుపు కెమెరాలో పడిన పులియైనచో, పట్టుబడిన చర్మమునుబట్టియు అది ఏ అడవిదో చెప్పవచ్చునని 2009లో నిరూపించిరి. మన నల్లమలలోను కెమెరాలు కావలి యున్నవి. పులి చచ్చినను దాని చారలు సాక్ష్యము పలుకును. ఆ సాక్ష్యముతో పని పడకుండుటయే మనము కోరదగినది.